అన్నీ లిమిట్‌లోనే ఉన్నాయట, మరి గెడ్డలో పీతలేవి?



మొన్న తొలకరి పడిన వారానికి మా నాయనమ్మ బుట్ట పట్టుకుని గెడ్డకి పోయింది. మా ఊళ్లో ఆడవాళ్లందరూ పోతారు. రాళ్లు ఎత్తి, బొరియల్లో చెయ్యి పెట్టి పీతలు పడతారు. నత్తలు ఏరతారు. బాలింత ఉన్న ఇంటికి ఒక వాటా పంపుతారు. ఆ రోజు ఆవిడ పొద్దున్నే పోయి మధ్యాహ్నానికి వచ్చి, వాకిట్లో బుట్ట బోర్లించింది. నాలుగు పీతలు. అందులో రెండు బొటనవేలంత కూడా లేవు. "గెడ్డకి ఏదో జబ్బు చేసిందిరా. పైకి బాగానే ఉంటాది, లోపల ఏమీ లేదు" అంది.

నేను జువాలజీ డిగ్రీ చదివాను. మూడేళ్లు చదివిన దానికంటే మా నాయనమ్మ ఆ రెండు మాటల్లో ఎక్కువ చెప్పిందని నాకు తర్వాత అర్థమైంది. ఎందుకంటే అంతకు ముందు ఏడాదే మేము కొంతమంది కుర్రాళ్లం ఇదే గెడ్డ గురించి ఒక ఆఫీసుకి అర్జీ పట్టుకుని పోయాం. పైన రోడ్డు పని మట్టి అంతా గెడ్డలోకి వస్తోంది, తోటల మందు వస్తోంది, నీళ్లు పరీక్ష చేయించండి అని అడిగాం. కొన్నాళ్లకి పిలిచి ఒక కాగితం చూపించారు. "చూడు బాబూ, అన్నీ లిమిట్‌లోనే ఉన్నాయి. మీరు అనవసరంగా భయపడుతున్నారు" అన్నారు.

ఆ కాగితం అబద్ధమని నేను అనడం లేదు. నిజమే అయ్యుండొచ్చు. ఈ వ్యాసంలో నేను చెప్పదలుచుకున్నది అదే: కాగితం నిజమై, గెడ్డ చచ్చిపోవడం కూడా నిజం కావొచ్చు. రెండూ ఒకేసారి. అదెలా కుదురుతుందో మనం తెలుసుకోకపోతే ఇకముందు ప్రతి ఆఫీసులోనూ మనల్ని ఆ ఒక్క మాటతో వెనక్కి పంపేస్తారు.

*రాయి కింద ఎవరున్నారు?*

ఈసారి గెడ్డకి వెళ్లినప్పుడు నీళ్లు పారే చోట అరచేతంత రాయి ఒకటి ఎత్తి తిప్పి చూడండి. తొందరపడకుండా చూడండి. చదునుగా రాయికి అతుక్కుని, పొట్టకి రెండు పక్కలా సన్నటి ఈకల్లాంటి మొప్పలు ఆడిస్తూ, వెనక రెండు మూడు తోకలున్న పురుగు కనిపిస్తే అది మేఫ్లై పిల్ల. ఇసుక రేణువులు ఒకదానికొకటి అతికించి గొట్టంలా గూడు కట్టుకున్నది కనిపిస్తే అది క్యాడిస్ పురుగు. తూనీగ పిల్ల కూడా నీళ్లలోనే పెరుగుతుందని మనలో చాలామందికి తెలీదు. మట్టి రంగులో, పెద్ద కళ్లతో, దొరికిన దాన్నల్లా తింటూ నెలల తరబడి నీళ్లలో ఉండి, ఆ తర్వాత రెక్కలు తొడుక్కుని బయటకొస్తుంది. ఇంకా చిన్న రొయ్యలు, నత్తలు, పీత పిల్లలు, తోకకప్పలు.

వీటికి ఓటు లేదు, ఆధార్ లేదు. పులికి ఉన్నట్టు వీటికి ఫొటో లేదు, పోస్టర్ లేదు. కానీ గెడ్డని గెడ్డలా నిలబెట్టేది ఇవే. నీళ్లలో రాలిన ఆకుల్ని కొరికి ముక్కలు చేసేవి ఇవి. రాళ్ల మీద నాచు గీకి తినేవి ఇవి. పరిగెలు, జెల్లలు, కప్పలు, పిట్టలు తినేది వీటిని. ఇవి లేని గెడ్డలో నీళ్లుంటాయి, ప్రాణం ఉండదు. నాయనమ్మ చెప్పింది అదే.

*ఒక పురుగు ఏడాది*

ఇప్పుడు ఒక మేఫ్లై పిల్ల మీరే అనుకోండి. మన్యంలో ఒక గెడ్డలో రాయి కింద ఉన్నారు. మీ ఏడాది ఎలా గడుస్తుందో చూద్దాం.

ఎండాకాలం. ఒడ్డున ఉండే పెద్ద చెట్లు కొట్టేశారు. ఇంతకు ముందు నీడలో పారిన నీళ్లు ఇప్పుడు పొద్దంతా ఎండలో పారుతున్నాయి. పైన అడవి పలచబడింది కాబట్టి ఊట తగ్గింది, నీళ్లు చీలమండ లోతుకి వచ్చాయి. లోతు తక్కువైతే త్వరగా వేడెక్కుతాయి. వేడెక్కిన నీళ్లలో ప్రాణవాయువు నిలవదు. లెక్క చూడండి: 10 డిగ్రీల నీళ్లు లీటరుకి 11 మిల్లీగ్రాములకి పైగా ఆక్సిజన్ పట్టుకోగలవు. 20 డిగ్రీలకి అది 9కి పడుతుంది. 30 డిగ్రీలకి ఏడున్నర. ఇది సముద్రం మట్టం దగ్గర లెక్క. అరకు, పాడేరు లాగా 900 మీటర్ల ఎత్తున ఉంటే గాలే పలచన, కాబట్టి ఇంకో పదో వంతు తగ్గించుకోండి.

అదే సమయంలో మీ ఒంటికి ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది. పురుగులకి మనలాగా ఒంటి వేడిని ఒకేలా ఉంచుకునే శక్తి లేదు. నీళ్లు ఎంత వేడైతే ఒళ్లు అంత వేడి. వేడి 10 డిగ్రీలు పెరిగితే లోపల జరిగే పని సుమారు రెండు మూడు రెట్లు అవుతుంది. అంటే ఖర్చు పెరిగింది, రాబడి తగ్గింది. ఇది మొదటి దెబ్బ. దీనితో మీరు చావరు. కానీ బాగా అలసిపోయారు.

తొలకరి. పైన రోడ్డు కోసం కొండ చెక్కారు, ఎక్కడో క్వారీ ఉంది, వాలు మీద చెట్టూ చేమా లేవు. మొదటి పెద్ద వానకే ఎర్ర మట్టి అంతా గెడ్డలోకి దిగింది. ఆ సన్నటి మట్టి రాళ్ల మధ్య సందుల్ని పూడ్చేస్తుంది. ఆ సందే మీ ఇల్లు. మట్టి మీ మొప్పల మీద పేరుకుంటుంది. అసలే ఆక్సిజన్ చాలడం లేదు, ఇప్పుడు ఊపిరి తీసే అవయవానికే మట్టి పట్టింది. రాయి మీద నాచు మట్టి కింద పోయింది, తిండి కూడా తగ్గింది. ఇది రెండో దెబ్బ.

అదే వానకి తోటల్లో కొట్టిన మందు కూడా దిగింది. సంతలో సీసా కొని, మూతతో కొలిచి కొట్టే పురుగుమందు. చేలో పురుగుని చంపడానికి చేసిన మందు గెడ్డలో పురుగుని చుట్టమని వదిలేయదు కదా. నీళ్లలో కలిసి బాగా పలచబడింది, నిజమే. టెస్ట్ చేస్తే "లిమిట్‌లోనే" అని వస్తుంది, అదీ వాన పడిన రోజు పట్టి టెస్ట్ చేస్తే. వారం తర్వాత వచ్చి సీసా నింపుకుపోతే అదీ కనపడదు. కానీ ఆక్సిజన్ చాలక మీరు మొప్పల్ని వేగంగా ఆడిస్తున్నారు, అంటే అంతకు ముందు కంటే ఎక్కువ నీళ్లు మీ మొప్పల మీంచి పోతున్నాయి. ఆ నీళ్లతో పాటు మందు కూడా. లోపలికి వచ్చిన విషాన్ని విరగ్గొట్టడానికి ఒళ్లు శక్తి ఖర్చు పెట్టాలి. ఆ శక్తి ఎండాకాలంలోనే అయిపోయింది. ఇది మూడో దెబ్బ.

చలికాలం. కాఫీ పండ్లు కోసే రోజులు. తొక్క తీసి కడిగిన నీళ్లు కొన్ని చోట్ల నేరుగా గెడ్డలోకి వదులుతారు. ఆ నీళ్లలో తీపి గుజ్జు ఉంటుంది. అది పులిసి కుళ్లేటప్పుడు సూక్ష్మజీవులు ఆక్సిజన్ అంతా లాగేసుకుంటాయి. దానికి తోడు పిక్నిక్‌కి వచ్చినవాళ్ల షాంపూ, సబ్బు, ప్లేట్లు. నాలుగో దెబ్బ.

ఈ నాలుగింట్లో ఏ ఒక్క దెబ్బా విడిగా మిమ్మల్ని చంపలేదు. ఒక్కటే అయితే మీరు తట్టుకునేవారు. వరదల్ని, కరువుల్ని తట్టుకుని బతికిన జాతి మీది. కానీ ఒక దెబ్బ నుంచి లేచేలోపు ఇంకొకటి పడింది. మీరు చావకపోయినా చిక్కిపోయారు. చిక్కిన తల్లి తక్కువ గుడ్లు పెడుతుంది. ఏడాదికేడాది తగ్గుతూ ఒక ఏడు రాయి తిప్పితే కింద ఎవరూ ఉండరు. గెడ్డ నిండా చచ్చిన చేపలు తేలితే టీవీ వస్తుంది. ఇలా పుట్టాల్సినవి పుట్టకపోతే ఎవరొస్తారు?

ఈ సంగతి మనకి కొత్తేమీ కాదు. రక్తహీనత ఉన్న తల్లికి మలేరియా వస్తే ఏమవుతుందో మన ఊళ్లలో అందరికీ తెలుసు. రక్తహీనత ఒక్కటి, మలేరియా ఒక్కటి అని విడివిడిగా కొలిచి రెండూ "ఓ మోస్తరే" అని రాసినంత మాత్రాన ఆ తల్లి బతకదు.

*లిమిట్ ఎక్కడ పుట్టింది?*

నీళ్లలో ఒక రసాయనం ఎంతవరకు ఉంటే ఫరవాలేదు అన్నది ఎలా తేలుస్తారో తెలుసా? ఎక్కువగా వాడే జీవి డాఫ్నియా. ఆవగింజంత ఉంటుంది, నీళ్లని వడగట్టుకుని తింటుంది. ల్యాబ్‌లో శుభ్రమైన నీళ్లు తీసుకుంటారు. వేడి 20 డిగ్రీలకి అటూ ఇటూ కదలకుండా ఉంచుతారు. ఆరోగ్యంగా ఉన్న డాఫ్నియా పిల్లల్ని వేస్తారు. ఒకే ఒక్క మందు కలుపుతారు. 48 గంటల తర్వాత ఎన్ని కదలకుండా పడిపోయాయో లెక్కపెడతారు. ఇంకా కొన్ని జీవుల మీద కూడా చూసి, దాని మీద కొంత జాగ్రత్త కలిపి లిమిట్ వేస్తారు.

మన దేశంలో ఫ్యాక్టరీ వదిలే నీళ్లకీ ఇలాంటి పరీక్షే ఒకటి ఉంది. ఆ నీళ్లలో చేపల్ని వేస్తే 96 గంటల తర్వాత 90 శాతం బతికుండాలి. బతికితే పాస్.

పరీక్ష చెడ్డదని కాదు. అది లేకపోతే ఇంకా ఘోరం. కానీ అది ఒక ప్రశ్నకే జవాబు చెబుతుంది: కడుపు నిండిన, అలసట లేని జీవికి, చల్లటి శుభ్రమైన నీళ్లలో, ఈ ఒక్క మందు నాలుగు రోజుల్లో చంపుతుందా లేదా? మన గెడ్డ అడిగే ప్రశ్న వేరు: ఆకలితో, వేడితో, మట్టితో ఉన్న జీవికి, ఈ మందు ఆ మందుతో కలిసి, ఏడాది పొడుగునా తగులుతుంటే ఏమవుతుంది? ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. కాబట్టి "లిమిట్‌లోనే ఉంది" అన్నది అడగని ప్రశ్నకి చెప్పిన జవాబు.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. రెండు కలిస్తే ప్రతిసారీ రెండింతలు కావు. కొన్నిసార్లు ఒకదాని దెబ్బ ఇంకొకదాని వెనక దాగిపోతుంది. కొన్నిసార్లు తలకిందులవుతుంది. క్లోర్‌పైరిఫాస్ లాంటి మందులు సాధారణంగా వేడిలో ఎక్కువ విషం. దోమల కోసం ఇళ్ల గోడలకి కొట్టే పైరెత్రాయిడ్ జాతి మందులు మాత్రం చాలాసార్లు చలిలోనే పురుగులకి ఎక్కువ విషం. అంటే లంబసింగి చలిలో ఒక మందు, మే నెల ఎండలో ఇంకో మందు. ఈ లెక్క ఎక్కడో ల్యాబ్‌లో 20 డిగ్రీల దగ్గర కూర్చుని తేల్చేది కాదు. ఆ గెడ్డ దగ్గరే తేల్చాలి. అందుకే స్థానికంగా చూసే కళ్లు కావాలి అంటున్నా.

*పెద్ద దేశాలకీ తప్పలేదు*

ఇదంతా చదువురాని కొండవాళ్ల భయం అనేవాళ్లకి రెండు ఉదాహరణలు.

2022 ఆగస్టు. పోలండ్, జర్మనీ సరిహద్దున పారే ఓడర్ నది. వందల టన్నుల చేపలు చచ్చి తేలాయి. చేపలతో పాటు ఆల్చిప్పలు, నత్తలు కూడా పోయాయి. మొదట అందరూ ఎవడో విషం కలిపాడనుకుని ఒక్క దోషి కోసం వెతికారు. తేలింది వేరు. గనుల నుంచీ పరిశ్రమల నుంచీ వచ్చే ఉప్పు నీళ్లు నదిలో చేరుతున్నాయి. ఆ ఏడు ఎండలు మండి నది చిక్కిపోయింది, ఉప్పు చిక్కబడింది, నీళ్లు వేడెక్కాయి. ఎరువుల పోషకాలు ఎలాగూ ఉన్నాయి. ఈ అన్నీ కలిసిన చోట, మామూలుగా ఉప్పునీళ్లలో పెరిగే ఒక రకం నాచు విపరీతంగా పెరిగి విషం వదిలింది. ఉప్పు ఒక్కటే ఉంటే ఇంత జరిగేది కాదు. ఎండ ఒక్కటే ఉన్నా ఇంత జరిగేది కాదు.

రెండోది కూడా జర్మనీదే. 2018, 2019లో అక్కడి శాస్త్రవేత్తలు పొలాల మధ్య పారే వంద చిన్న వాగుల్ని వాన పడినప్పుడల్లా నీళ్లు పట్టి పరీక్షించారు. ప్రతి ఐదు వాగుల్లో దాదాపు నాలుగింట్లో ఏదో ఒక పురుగుమందు లిమిట్ దాటింది. ఇంకా ముఖ్యమైన సంగతి, లిమిట్ కంటే తక్కువ ఉన్న చోట కూడా సున్నితమైన పురుగులు తగ్గిపోతున్నాయని చూశారు. వాళ్ల దగ్గర యంత్రాలున్నాయి, డబ్బుంది. అయినా లిమిట్ సరిపోవడం లేదని ఒప్పుకోవాల్సి వచ్చింది. మరి మన గెడ్డకి ఏడాదికి ఒక్కసారి ఒక సీసా పట్టుకెళ్లి భయపడొద్దు అంటే ఎలా నమ్మాలి?

*పురుగులు పోతే మనకేంటి?*

సంతలో ఒక తమ్ముడు నన్ను ఇదే అడిగాడు. "అన్నా, భూమి పట్టాలకే దిక్కు లేదు, నువ్వు పురుగుల గురించి మాట్లాడతావేంటి?"

తమ్ముడూ, మూడు సంగతులు చెప్తాను.

మొదటిది కడుపు. చోడి అంబలితో పాటు పీతల పులుసు, నత్తల కూర, ఎండు పరిగెలు, ఇవి మన పిల్లలకి పైసా ఖర్చు లేకుండా వచ్చే బలం. సంతలో కోడి కొనే స్తోమత లేని ఇంటికి గెడ్డే మాంసం కొట్టు. అంగన్వాడీ గుడ్డు లెక్క రిజిస్టర్‌లో ఉంటుంది. గెడ్డ ఇచ్చే పీత లెక్క ఏ రిజిస్టర్‌లోనూ లేదు. కాబట్టి అది పోయినా ఎవరి రికార్డులోనూ నష్టం కనపడదు.

రెండోది జ్వరం. దోమ పిల్లల్ని తినేది తూనీగ పిల్లలు, నీటి పురుగులు, చిన్న చేపలు. విషం కొట్టినా, వేడి పెరిగినా ముందు పోయేది నెలల తరబడి నీళ్లలో పెరిగే ఈ వేటగాళ్లే. దోమకి వారం పది రోజులు చాలు, నిలవ నీళ్లలో మళ్లీ పుట్టేస్తుంది. శత్రువు తొందరగా తిరిగొస్తాడు, మన సైన్యం రాదు.

మూడోది తాగే నీళ్లు. ఇప్పటికీ ఎన్నో గూడేల్లో ఊట గెడ్డ నీళ్లే తాగుతున్నాం. రాయి కింద పురుగు గెడ్డకి కాపలా కుక్క లాంటిది. అది మాయమైందంటే నీళ్లలో ఏదో జరుగుతోందని అర్థం. మైదానంలో ఉన్న మిత్రులకి కూడా ఒక మాట. గోస్తని, శారద పుట్టేది మా కొండల్లోనే. తాటిపూడి, రైవాడ రిజర్వాయర్ల నుంచి విశాఖ నగరానికి నీళ్లు వస్తాయి. మా గెడ్డల సంగతి మీ కుళాయి సంగతే.

*మన చేతుల సంగతి*

ఇప్పుడు కొంచెం చేదు మాట. తిట్టుకున్నా ఫరవాలేదు.

మన కుర్రాళ్లలో కొందరు గెడ్డలో బ్లీచింగ్ పౌడర్ వేసి, పురుగుమందు పోసి చేపలు పడుతున్నారు. బ్యాటరీతో కరెంటు పెడుతున్నారు. నేనూ ఇంటర్‌లో ఉన్నప్పుడు ఒకసారి ఆ గుంపులో ఉన్నాను, దాచుకోను. చేపలు తేలాయి, కేకలు వేశాం, ఇంటికి తెచ్చాం. తాత మాత్రం తినలేదు. వాళ్ల కాలంలోనూ చేపలకి చెట్టు బెరడు దంచి వేసేవాళ్లు. కానీ ఏ మడుగులో వెయ్యాలి, ఎప్పుడు వెయ్యకూడదు, ఎంత వెయ్యాలి అని పెద్దల కట్టుబాటు ఉండేది. మనం కట్టుబాటు వదిలేసి డబ్బా పట్టుకున్నాం. ఒక పూట కూర కోసం, అప్పటికే నాలుగు దెబ్బలు తిన్న గెడ్డకి ఐదో దెబ్బ కొట్టాం. మందు కొట్టిన ట్యాంకు గెడ్డలో కడగడం, ఖాళీ సీసాలు ఒడ్డున పారేయడం, గెడ్డ అంచు దాకా చెట్లు కొట్టి సాగు చేయడం కూడా మనం చేస్తున్నవే.

అయితే ఈ మాటని పట్టుకుని "చూశారా, ఆదివాసులే పాడు చేసుకుంటున్నారు" అనేవాళ్లకి నా జవాబు: ఎవరి బరువు ఎంతో తూకం వేద్దాం రండి. కొండ చెక్కిన యంత్రం బరువూ, గెడ్డకి అడ్డం కట్టే ప్రాజెక్టు బరువూ, ఒక కుర్రాడి డబ్బా బరువూ ఒకటి కాదు. లోకాన్ని వేడెక్కించిన పొగలో మన గూడేల వాటా ఎంత? కానీ మన వాటా చిన్నదే అయినా అది మన చేతిలో ఉంది, ఈరోజే ఆపగలం. మన చెయ్యి శుభ్రంగా ఉంటే ఎదుటివాడి చెయ్యి పట్టుకుని అడగడానికి ధైర్యం వస్తుంది.

ఇంకో మాట. నేను రోడ్డు వద్దనడం లేదు. డోలీ మోతలు చూసినవాడిని, రోడ్డు వద్దని ఎలా అంటాను? దోమల మందు వద్దనడం లేదు. కాఫీ మన ఇళ్లల్లో దీపం పెట్టింది, దాన్నీ వద్దనడం లేదు. చెక్కిన మట్టిని గెడ్డలోకి తొయ్యకుండా రోడ్డు వెయ్యొచ్చు. మందు పంపుని గెడ్డకి దూరంగా కడగొచ్చు. కాఫీ కడిగిన నీళ్లని గుంటలో నిలవబెట్టొచ్చు. వీటిలో ఒక్కొక్కటి చిన్న పనే. దెబ్బలు కలిసి పెద్దవైనట్టే, దెబ్బలు తగ్గించడం కూడా కలిసి పెద్దదవుతుంది. ఎండని మనం ఆపలేకపోయినా ఒడ్డున నీడ పెంచగలం. నీడలో చల్లగా ఉన్న పురుగుకి మిగతా దెబ్బలు తట్టుకునే ఓపిక ఉంటుంది. ఈ సైన్స్‌లో మనకున్న ఆశ అదే.

*కలిపి చూసే హక్కు ఎవరికి ఉంది?*

బాక్సైట్ మీద పోరాడినప్పుడు శత్రువు కనిపించేవాడు. 2015లో జీవో 97 వచ్చింది, దాని నంబరు కొండల్లో చిన్నపిల్లలకీ తెలుసు. ఒక జీవో, ఒక గని, ఒక నినాదం. గెడ్డ విషయంలో అలా కాదు. రోడ్డు ఒక శాఖ, మందు ఒక శాఖ, మలేరియా ఒక శాఖ, కాఫీ ఒకరు, టూరిజం ఒకరు, అడవి ఇంకొకరు. ఎవరి ఫైల్లో వాళ్లది "లిమిట్‌లోనే". పంప్డ్ స్టోరేజ్ లాంటి పెద్ద ప్రాజెక్టు వస్తే 2006 ఈఐఏ నోటిఫికేషన్ ప్రకారం పర్యావరణ అంచనా చేస్తారు. చుట్టుపక్కల మిగతా ప్రాజెక్టులతో కలిపి ప్రభావం ఎంత అని ఆ ఫారంలో ఒక ప్రశ్న కూడా ఉంది. కానీ అంచనా జరిగేది ప్రాజెక్టు వారీగా. ఆ ప్రశ్నకి రాసే జవాబు ప్రాజెక్టు కట్టేవాడు రాసేదే.

గెడ్డ పుట్టిన ఊట నుంచి కలిసే నది దాకా మొత్తాన్ని ఒక్కటిగా చూసేది ఎవరు? ఆ గెడ్డ పక్కన బతికేవాళ్లు. చట్టం కూడా అదే అంటోంది. అటవీ హక్కుల చట్టం 2006 సెక్షన్ 3(1)(డి) చేపల మీద, నీటి వనరుల ఇతర ఉత్పత్తుల మీద మన సామూహిక హక్కుని గుర్తించింది. సెక్షన్ 5 పరీవాహక ప్రాంతాల్ని, నీటి వనరుల్ని కాపాడే అధికారం హక్కుదారులకీ గ్రామసభకీ ఇచ్చింది. జీవవైవిధ్యానికి చేటు చేసే పనిని ఆపమని గ్రామసభ తీసుకున్న నిర్ణయం అమలయ్యేలా చూసే అధికారం కూడా అందులోనే ఉంది. 1996 పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో చిన్న నీటి వనరుల ప్రణాళిక, నిర్వహణ పంచాయతీలకి అప్పగించాలని చెప్పింది. మనం ఈ సెక్షన్లని పట్టాల కోసం చదివాం. గెడ్డ కోసం ఇంకా చదవలేదు.

*చేద్దామా?*

యంత్రాలు అక్కర్లేదు. ప్రతి ఊళ్లో ఇద్దరు ముగ్గురు చాలు.

నెలకి ఒకరోజు పెట్టుకోండి. గెడ్డలో మూడు చోట్లు ఎంచుకోండి: ఊరికి పైన, ఊరి దగ్గర, ఊరికి కింద. ఒక్కో చోట పది రాళ్లు తిప్పండి. మేఫ్లై ఎన్ని, క్యాడిస్ ఎన్ని, తూనీగ పిల్లలు ఎన్ని, పీతలు ఎన్ని, నోటు పుస్తకంలో రాయండి. రాయిని మళ్లీ ఉన్నట్టే పెట్టండి. ఒక థర్మామీటర్ కొని నీళ్ల వేడి రాయండి. ఆ నెలలో ఏం జరిగిందో రాయండి: మందు కొట్టారా, పెద్ద వాన పడిందా, రోడ్డు పని నడిచిందా. ఫొటో తీయండి. పెద్దవాళ్లని కూర్చోబెట్టి, వాళ్ల చిన్నతనంలో ఏ మడుగులో ఏం దొరికేదో రాసుకోండి. మా నాయనమ్మ లాంటివాళ్లు మన పాత రికార్డు. ఆ రికార్డు ఒక్కొక్కటిగా పోతోంది.

ఏడాది రాస్తే ఆ పుస్తకం గ్రామసభలో పెట్టండి. గెడ్డకి రెండు వైపులా ఇంత దూరం చెట్టు కొట్టకూడదు, బ్లీచింగ్, మందు, కరెంటు వెయ్యకూడదు అని ముందు మన మీద మనం తీర్మానం చేసుకుందాం. ఆ తీర్మానం పట్టుకుని, ఈ గెడ్డ మీదకి ఏ పని వచ్చినా ఇప్పటికే ఉన్న అన్ని దెబ్బలతో కలిపి లెక్క చెప్పండి అని అడుగుదాం. ఒకే గెడ్డ మీద ఉన్న ఊళ్లన్నీ కలిసి అడిగితే ఇంకా బలం.

ఈసారి ఎవరైనా "అన్నీ లిమిట్‌లోనే ఉన్నాయి బాబూ" అంటే కోపం తెచ్చుకోకండి. "సరే సార్, విడివిడిగా ఉన్నాయి. కలిపితే ఎంత?" అని అడగండి. మీ నోటు పుస్తకం టేబుల్ మీద పెట్టండి.

మా ఊళ్లో మొదటి పేజీ రాయడం అయింది. పై మడుగు దగ్గర పది రాళ్ల కింద పదిహేడు మేఫ్లై పిల్లలు, రెండు క్యాడిస్. ఊరి కింద పది రాళ్లకి మూడంటే మూడు. మధ్యలో ఉన్నది కిలోమీటరు గెడ్డే. నాయనమ్మకి చదివి వినిపించాను. ఆవిడ కాసేపు ఊరుకుని, "అయితే పైన ఇంకా ఉన్నాయన్నమాట" అంది.

ఉన్నాయి. అవి కిందికి దిగొచ్చేలా గెడ్డని సిద్ధం చేసే పని మనది.

జల్, జంగల్, జమీన్ అంటాం కదా. మొదటి మాట నీళ్లే. జోహార్.